మందుకు లొంగని క్రిములు



ఈవేళ నేను చెప్పబోయేది మందుల చరిత్ర. "ఇంటి పనులు చేసుకునేవాళ్ళం, మాకెందుకమ్మా ఆ చరిత్ర?" అంటారేమో! నేనూ మొన్నటిదాకా అలాగే అనుకున్నాను. ఒక కాగితం చేతికొచ్చాక గానీ నాకు తెలిసిరాలేదు. ముందు ఆ కాగితం సంగతి చెప్తాను.

మొన్న శ్రావణంలో మా అత్తయ్యగారికి మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చాయి. మా ఇంట్లో ఒక బిస్కట్ల డబ్బా ఉంది. ఎప్పుడో ఎవరికో జ్వరం వచ్చినప్పుడు వాడగా మిగిలిన మాత్రలన్నీ అందులో పడేస్తూ ఉంటాను. "డబ్బు పోసి కొన్నవి, పారేయడం ఎందుకు?" అని. అందులోంచి నాలుగు మాత్రలు తీసి, "ఇదివరకు మీకు పనిచేసినవే అత్తయ్యా" అని రెండు రోజులు వేశాను. తగ్గింది. వారానికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ నాలుగు వేశాను. మూడోసారి వచ్చేసరికి మనిషి మంచం దిగలేకపోయింది. అప్పుడు జగ్గయ్యపేట తీసుకువెళ్ళాం.

డాక్టరుగారు మొట్టమొదట అడిగిన మాట, "ఇంతకుముందు ఏ మందు వేశారమ్మా?" అని. నేను డబ్బా సంగతి చెప్పాను. ఆయన నన్ను కోప్పడలేదు. మూత్రాన్ని కల్చర్ పరీక్షకు విజయవాడ పంపించారు. మూడు రోజులకు కాగితం వచ్చింది. వరుసగా పధ్నాలుగు మందుల పేర్లు. ఒక్కొక్క పేరుకు ఎదురుగా ఒక ఇంగ్లీషు అక్షరం. ఎస్ అని ఉంటే క్రిమి ఆ మందుకు లొంగుతుందని, ఆర్ అని ఉంటే లొంగదని అర్థమట. లెక్కపెట్టాను. తొమ్మిది ఆర్‌లు! మేము డబ్బాలో దాచుకున్న మాత్ర పేరుకు ఎదురుగా కూడా ఆర్ అనే ఉంది.

పది రోజులు ఆస్పత్రిలో ఉంచి సూదిమందు ఇస్తే గండం గడిచింది. అత్తయ్యగారు ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ ఆ కాగితం నేను దాచుకున్నాను. ఆ మందులు ఎప్పుడు పుట్టాయి, ఎందుకు చచ్చుబడ్డాయి అని చదివి తెలుసుకున్నాను. అదే మీతో చెప్తాను.

అసలు ఈ మందులు రాకముందు కాలం ఎలా ఉండేదో మన నాయనమ్మలను, అమ్మమ్మలను అడగాలి. కాన్పు అయి, బిడ్డ బాగానే ఉండి, మూడోనాడు తల్లికి జ్వరం వస్తే ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడేది. దాన్ని బాలింత జ్వరం అనేవారు. గాలి సోకిందని, దిష్టి తగిలిందని అనుకునేవారు. 1847లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు దీని గుట్టు పట్టుకున్నాడు. శవాలను కోసిన చేతులతోనే డాక్టర్లు కాన్పులు చేస్తున్నారు. ఆ చేతుల వెంట ఏదో తల్లులకు అంటుకుంటోంది. సున్నపు క్లోరిన్ నీళ్ళతో చేతులు కడుక్కుని రమ్మన్నాడు. చావులు తగ్గిపోయాయి. అయినా ఆయన మాట పెద్దలు చాలామంది లెక్కచేయలేదు. ఒక్క మందూ లేని రోజుల్లో చేతులు కడుక్కోవడమే తల్లులను బ్రతికించిందన్న సంగతి గుర్తు పెట్టుకోండి. చివర్లో దానితో పని ఉంది.

1935లో జర్మనీలో డోమాక్ అనే శాస్త్రజ్ఞుడు మొదటి సల్ఫా మందును ప్రకటించాడు. మరుసటి ఏడే లండన్‌లో కోల్‌బ్రూక్ అనే డాక్టరు ఆ మందుతో బాలింత జ్వరం వచ్చిన తల్లులను బ్రతికించి చూపించాడు. ఆ తర్వాత వచ్చింది పెన్సిలిన్.

పెన్సిలిన్ కథ మీరు వినే ఉంటారు. 1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ క్రిములను పెంచుతున్న గాజు పళ్ళెంలో బూజు పట్టింది. మన ఆవకాయ మీద పట్టే బూజు లాంటిదే అనుకోండి. ఆ బూజు చుట్టూ క్రిములు చచ్చిపోయి ఉన్నాయి. దాన్ని మందుగా చేయడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఆ పని ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్ అనేవారు చేశారు. 1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు జవానుకు ఆ మందు ఇచ్చారు. ముఖమంతా చీము పట్టి, ఒక కన్ను పోయి, చావుకు సిద్ధంగా ఉన్న మనిషి. ఒక్కరోజులో తేరుకున్నాడు, అన్నం సహించింది. అయిదు రోజులకు మందు అయిపోయింది. ఆయన మూత్రంలో పోతున్న మందును కూడా పట్టి, శుద్ధి చేసి మళ్ళీ ఎక్కించారు. అదీ చాలలేదు. జబ్బు తిరగబెట్టి మార్చిలో ఆయన చనిపోయాడు.

చూశారా, పెన్సిలిన్ చరిత్ర సగం కోర్సుతో మొదలైంది. ఆనాడు మందు లేక సగంలో ఆగింది. ఈనాడు మందు చేతిలో ఉండీ మనం సగంలో ఆపుతున్నాం.

ఇంకొక విచిత్రం. ఆ జవానుకు మందు ఇవ్వడానికి ముందే, 1940లోనే, చెయిన్, ఆయన సహచరుడు ఏబ్రహామ్ కలిసి ఒక సంగతి ప్రకటించారు. కొన్ని క్రిములు పెన్సిలిన్‌ను విరగ్గొట్టే పదార్థాన్ని తమలో తామే తయారుచేసుకుంటున్నాయని. అంటే తాళం బజారులోకి రాకముందే దొంగ దగ్గర మారుతాళం ఉందన్నమాట!

1945లో ఫ్లెమింగ్‌కు నోబెల్ బహుమానం వచ్చింది. ఆ సభలో ఆయన తన గొప్ప చెప్పుకోకుండా ఒక చిన్న కథ చెప్పాడు. ఒకాయనకు గొంతునొప్పి వచ్చింది. తనకు తానే కొంచెం పెన్సిలిన్ కొని వేసుకున్నాడు. క్రిములను చంపడానికి అది చాలలేదు, తట్టుకోవడం నేర్పడానికి మాత్రం సరిపోయింది. ఆ క్రిములు ఆయన భార్యకు అంటుకున్నాయి. ఆవిడకు న్యుమోనియా వచ్చింది. డాక్టరు పెన్సిలిన్ ఇస్తే పనిచేయలేదు. ఆవిడ చనిపోయింది. ఈ చావుకు బాధ్యులెవరు? అని ఫ్లెమింగ్ సభను అడిగాడు. భర్త నిర్లక్ష్యమే అని తానే జవాబూ చెప్పాడు.

ఆ కథ చదివినప్పుడు నాకు మా బిస్కట్ల డబ్బా కళ్ళముందు కనబడింది. తప్పు చేసింది ఒకరు, అనుభవించింది ఇంకొకరు. మిగతా జబ్బులకూ దీనికీ ఉన్న తేడా ఇదే. రక్తపోటు మాత్ర నేను మానేస్తే నాకే నష్టం. ఈ మందులను నేను పాడుచేస్తే నష్టం పక్కవాళ్ళకు కూడా.

క్రిములు ఎలా మొండికేస్తాయి? ఇది మన మెట్ట ప్రాంతపు ఆడవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల పత్తి పెట్టని ఊరు ఏదీ? మందు కొడితే నూటికి తొంభైతొమ్మిది పురుగులు చస్తాయి. చావని ఒక్కటి గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు ఆ మందుకు చావవు. 1987 ప్రాంతంలో మన కోస్తా పత్తి చేలలో కాయతొలుచు పురుగు ఇలాగే మందుకు లొంగకుండా పోయింది. మందు మీద మందు కొట్టి, అప్పుల పాలై, ఎందరు రైతులు నాశనమయ్యారో మనకు తెలుసు. ఒంట్లో జరిగేదీ అదే. పత్తి పురుగుకు తరం మారడానికి ఒక నెల పడితే, కొన్ని క్రిములు ఇరవై నిమిషాలకే ఒకటి రెండవుతాయి. పైగా ఒక క్రిమి తాను నేర్చిన విద్యను పక్కనున్న వేరే జాతి క్రిమికి కూడా అందించగలదు. పొరుగింటావిడ కూర చేసే పద్ధతి మనకు చెప్పినట్టు!

క్షయ చరిత్ర కూడా ఈ పాఠమే చెప్తుంది. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1912లో ఏర్పడింది. ఆ రోజుల్లో మంచి గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి, ఇవే మందు. 1943లో అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలలో షాట్జ్ అనే యువకుడు స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టాడు. 1948లో బ్రిటిషు డాక్టర్లు దాని ఫలితం ప్రకటించారు. మందు ఇచ్చిన 55 మందిలో ఆరు నెలల్లో నలుగురు పోతే, విశ్రాంతి మాత్రమే ఇచ్చిన 52 మందిలో 14 మంది పోయారు. అందరూ సంతోషించారు. కానీ మందు పుచ్చుకున్నవారిలో చాలామంది ఒంట్లో క్రిములు ఆ కొద్ది నెలల్లోనే స్ట్రెప్టోమైసిన్‌కు అలవాటు పడిపోయాయి. అప్పటినుంచి క్షయకు ఒక్క మందు ఇవ్వకూడదు, రెండు మూడు కలిపి ఇవ్వాలి, పూర్తిగా ఇవ్వాలి అన్న సూత్రం ఏర్పడింది. ఒక మందుకు చావని క్రిమి రెండోదానికి చస్తుంది. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, పేదరోగి తన ఇంట్లోనే ఉండి ఏడాదిపాటు క్రమంగా మందు వాడితే శానటోరియంలో ఉన్నవారితో సమానంగా నయమవుతుందని 1959లో లోకానికి చాటింది. ఇంటి వైద్యానికి ఇల్లాలి శ్రద్ధే ఆధారం కదా! ఆ శ్రద్ధ తప్పినచోటనే మందులకు లొంగని క్షయ పుడుతుంది.

ఇక మన తెలుగువాడి కథ. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అన్నదమ్ములను సంగ్రహణి వ్యాధి పొట్టన పెట్టుకోవడం కళ్ళారా చూశారు. మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికా వెళ్ళారు. లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతి అయ్యారు. ఆయన హయాంలో అక్కడ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి 1945లో ఆరియోమైసిన్ తీశాడు. అది టెట్రాసైక్లిన్ కుటుంబానికి పెద్దకొడుకు. పెన్సిలిన్‌కు లొంగని ఎన్నో జబ్బులను అది లొంగదీసింది. 1948 జులైలో దాన్ని లోకానికి ప్రకటించారు. మరుసటి నెలలోనే సుబ్బారావుగారు 53 ఏళ్ళకే కన్నుమూశారు.

ఆయన పోయాక ఆ మందు కథ ఇంకో మలుపు తిరిగింది. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని అక్కడి శాస్త్రజ్ఞులు కోడిపిల్లలకు పెట్టి చూశారు. అవి త్వరగా బరువెక్కాయి. 1950లో ఆ సంగతి బయటికి వచ్చింది. అంతే, జబ్బు లేని కోళ్ళకు, పందులకు, పశువులకు రోజూ దాణాలో కలిపి మందు పెట్టడం వ్యాపారమైపోయింది. మనుషుల ప్రాణానికని కనిపెట్టినది మాంసం తూకానికి పనికొచ్చింది. మన దేశంలోనూ కోళ్ళఫారాలలో కొలిస్టిన్ అనే మందు అలాగే వాడారు. ఏ మందూ పనిచేయని రోగికి ఆఖరున ఇచ్చే మందు అది. 2015లో చైనాలో పందుల్లో ఆ కొలిస్టిన్‌ను ఎదిరించే విద్య ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి పాకుతోందని తేలింది. 2019 జులైలో మన ప్రభుత్వం ఆహార జంతువులకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. మంచి పనే. 1950లో పడిన అడుగును సరిదిద్దుకోవడానికి ఎంత కాలం పట్టిందో చూడండి.

సన్నిపాత జ్వరం, అదే టైఫాయిడ్, మన ఇళ్ళలో అందరికీ తెలుసు. 1947లో క్లోరోమైసెటిన్ వచ్చింది. ఇరవై ఒక్క రోజుల లంఖణాలు, బొప్పిడి పథ్యాలు పోయి వారానికే జ్వరం దిగడం జనం వింతగా చెప్పుకున్నారు. పాతికేళ్ళు గడిచాయి. 1972లో కేరళలో కాలికట్ నగరంలో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ రేగింది. 1990 ప్రాంతానికి దేశంలో చాలాచోట్ల పాత మందులు మూడూ పనిచేయని టైఫాయిడ్ కనబడింది. అప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ ఆదుకుంది. దగ్గుకూ జలుబుకూ కూడా అదే వేసుకుని, కొన్నేళ్ళలోనే దాన్నీ చప్పబరచుకున్నాం. జలుబు, మామూలు పడిశం వైరసుల వల్ల వస్తాయి. వాటి మీద ఈ మందులకు అసలు పని లేదు. ఉట్టిపుణ్యానికి మన పేగుల్లో ఉన్న క్రిములకు తట్టుకోవడం నేర్పినట్టవుతుంది.

మా అత్తయ్యగారి కాగితంలో సిప్రోఫ్లాక్సాసిన్‌కు ఎదురుగా ఉన్నది ఆర్ అక్షరమే. ఈ మందుకూ మన హైదరాబాదుకూ ఉన్న సంబంధం చెప్పాలి. 1961లో ప్రభుత్వం ఐ.డి.పి.ఎల్. సంస్థ పెట్టింది. హైదరాబాదులోని దాని కర్మాగారంలో పని నేర్చినవారు తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. హైదరాబాదు మందుల రాజధాని అయింది. ప్రపంచంలో పేదవాడికి చవకగా మందు అందిందంటే అందులో తెలుగువాళ్ళ చేయి ఉంది. అది మనకు గర్వమే. కానీ మందులు కాచిన నీళ్ళు ఎక్కడికి పోయాయి? పటాన్‌చెరు వాగుల్లోకి, చెరువుల్లోకి. అక్కడ వైద్యం చేసే డాక్టరు అల్లాని కిషన్‌రావుగారు ఈ కాలుష్యం మీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రకటించారు. సుమారు 90 మందుల కర్మాగారాల నీటిని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిని పరీక్ష చేశారు. ఒక లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది! మందు పుచ్చుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు 45 కిలోలు నీళ్ళపాలవుతున్నట్టు వారు లెక్కగట్టారు. మన షాపుల్లో అమ్మే 500 మిల్లీగ్రాముల మాత్రలుగా చూస్తే అది రోజుకు 90 వేల మాత్రలు. మా డబ్బాలో మిగిలినవి నాలుగు మాత్రలు. ఆ వాగులో కలిసినవి 90 వేలు!

ఆ కేంద్రం నీటిని తర్వాత గొట్టం వేసి అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి మళ్ళించారు. అక్కడినుంచి మూసీనది. 2017లో జర్మనీ శాస్త్రజ్ఞులు హైదరాబాదు చుట్టుపక్కల 28 చోట్ల నీటిని పరీక్షించి, నూటికి తొంభై అయిదు పాళ్ళకు మించి నమూనాలలో మొండి క్రిములున్నాయని ప్రకటించారు. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మందుల ఫ్యాక్టరీల నీటిలో యాంటీబయాటిక్‌లు ఇంతకు మించరాదని ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ హద్దులు లేవు.

మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వాడపల్లి, మట్టపల్లి, కేతవరం, మా వేదాద్రి, మంగళగిరి, వీటిని పంచ నారసింహ క్షేత్రాలంటాం కదా. ఎగువన వాడపల్లి స్వామి పాదాల దగ్గర కలిసిన నీరే పులిచింతల దాటి దిగువన వేదాద్రి మెట్లకు వస్తుంది. హైదరాబాదులో ఫ్యాక్టరీ గొట్టమూ, మన స్నానఘట్టమూ ఒకే నీటికి రెండు చివర్లు. అందుకే ఈ సంగతి ఎక్కడో పెద్దవాళ్ళు చూసుకోవలసింది అని ఊరుకోవడానికి లేదు. అలాగని పెద్దవాళ్ళ బాధ్యత మన మీద వేసుకోవడానికీ లేదు. డబ్బా మనం సర్దుకోవాలి, గొట్టం సంగతి వాళ్ళను అడగాలి.

మొండి క్రిములకు ఎల్లలు లేవు. 2008లో ఢిల్లీలో వైద్యం చేయించుకుని స్వీడన్ వెళ్ళిన ఒక రోగి ఒంట్లో, ఆఖరి వరుస మందులను కూడా విరగ్గొట్టే క్రిమి కనబడింది. 2011లో ఢిల్లీ వీధుల్లోని 171 నీటి మడుగుల నమూనాల్లో 51 చోట్ల, 50 కొళాయి నీళ్ళలో 2 చోట్ల ఆ విద్య ఉన్న జాడ దొరికింది. 2019లో ఒక్క ఏడాదిలోనే మందుకు లొంగని క్రిముల వల్ల ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది చనిపోయినట్టు శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. పసిపిల్లలు, బాలింతలు, చక్కెరజబ్బుతో కాలికి పుండు పడ్డవాళ్ళు, ఆపరేషను అయినవాళ్ళు, ఈ ముప్పు ముందు వచ్చేది వీళ్ళకే. అంటే మన నాయనమ్మల నాటి మూడోనాటి జ్వరం మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడిందన్నమాట.

డాక్టరుగారిని నేను ఒక ప్రశ్న అడిగాను. "ఈ క్రిమి నా మాత్రల వల్లే మొండికేసిందా అండీ?" అని. "వచ్చేటప్పుడే మొండిదై వచ్చి ఉండవచ్చమ్మా. ఎవరో ఎక్కడో పాడుచేసినది కావచ్చు. కానీ మీరు వేసిన నాలుగూ నాలుగూ దానికి బలమిచ్చాయి" అన్నారు. ఆ జవాబు నాకు సరిపోయింది. ఊరి చెరువు నీళ్ళు ఒక్కరి తప్పుతో పాడవవు. అందరూ తలా ఒక చెయ్యి వేస్తేనే పాడవుతాయి. బాగుపడాలన్నా అంతే.

మరి మనమేం చేయాలి? యాంటీబయాటిక్ మాత్రల అట్ట వెనుక నిలువుగా ఎర్రగీత ఉంటుంది. 2016లో ప్రభుత్వం ఆ గీత గురించి ప్రచారం చేసింది. ఎర్రగీత ఉన్న అట్టను డాక్టరు చీటీ లేకుండా కొనకూడదు. 2014 మార్చి నుంచి కొన్ని బలమైన మందులకు షాపువారు రోగి పేరు, డాక్టరు పేరు పుస్తకంలో వ్రాయాలన్న నిబంధన ఉంది. వ్రాయమని మనమే అడగాలి. డాక్టరు ఎన్ని రోజులన్నారో అన్ని రోజులూ వేసుకోవాలి. మనకు ఇచ్చినది పక్కింటి పిల్లకు ఇవ్వకూడదు. జలుబు అని వెళ్ళి, "ఏదైనా బలమైన మందు వ్రాయండి డాక్టరుగారూ" అని మనమే అడగడం మానాలి. ఇది మన ఆడవాళ్ళం ఎక్కువగా చేసే తప్పు.

వీటన్నిటికన్నా ముందు, జబ్బే రాకుండా చూసుకోవడం. రాని జబ్బుకు మందు వాడనక్కరలేదు, వాడని మందు పాడవదు. నీళ్ళు కాచి త్రాగడం, పిల్లలకు టీకాలు వేయించడం, దొడ్డికి వెళ్ళివచ్చాక, వంటకు ముందు, పసిబిడ్డను ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం. ఇందాక గుర్తు పెట్టుకోమన్నాను చూడండి, 1847లో వియన్నాలో ఆ డాక్టరు చెప్పినదే! పెన్సిలిన్ రాకముందు పనిచేసింది, పెన్సిలిన్ చచ్చుబడ్డాక కూడా పనిచేస్తుంది. చేతులు కడుక్కోవడాన్ని ఎదిరించే విద్య ఏ క్రిమికీ పట్టుబడలేదు.

వేదాలను సోమకాసురుడు ఎత్తుకుపోతే స్వామి తెచ్చి నిలబెట్టాడని, ఆ వేదాలే కొండగా వెలిశాయని మా ఊరి స్థలపురాణం. పోయిన వేదాలను తేవడానికి స్వామి ఉన్నాడు. పోయిన మందును తిరిగి తెచ్చేవారు లేరు. కొత్తవి కనిపెట్టడం ఇప్పుడు చాలా నెమ్మదిగా సాగుతోంది. ఉన్నవాటిని కాపాడుకోవడమే మనకు మిగిలిన దారి.

మా ఇంట్లో ఆ బిస్కట్ల డబ్బా ఇంకా ఉంది. అందులో ఇప్పుడు మాత్రలు లేవు. ఆ కల్చర్ కాగితం ఒక్కటే మడిచి పెట్టాను. అత్తయ్యగారు అప్పుడప్పుడు, "ఆ కాగితం ఇంకా ఎందుకే అమ్మాయ్?" అంటారు. "రేపు నా కూతురికి చూపించడానికి అత్తయ్యా" అంటాను.